తమ్ముడి బరువుకు పోసిన ఫోర్క్ ఆయిల్

ఇవాళ పొద్దున కరీంనగర్‌లో నేను పనిచేసే షాపులో, పిల్లలు నడిపే చిన్న డర్ట్ బైక్ ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలు విప్పగానే పాత ఆయిల్ వాసన గుప్పుమని, నోట్లో చేదు ఊరింది. ఆ బండి తాలూకు పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. ఆ పిల్ల బరువెంతని అడుగుతుంటే నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

మాది కాగజ్‌నగర్. బాపుకు మెకానిక్ షెడ్డు ఉండేది. ఇప్పపూలు రాలి ఊరిచివర గాలంతా తీయగా, మత్తుగా ఉండే ఎండాకాలంలో, ఎవరో అమ్మేసిన అలాంటి చిన్న బండినే బాపు తమ్ముడి కోసం కొన్నాడు. నేను వాడికంటే పెద్దదాన్ని. షెడ్డులో పానాలు అందించేది నేను, బండి మాత్రం వాడికి. నాకు ఒళ్లు మండిపోయింది.

ఫోర్కులో ఆయిల్ మట్టం నడిపేవాళ్ల బరువును బట్టి ఉండాలి. తక్కువైతే గుంతలో పడగానే అడుగు తగిలి ఠక్కుమంటుంది, ఎక్కువైతే బిర్రబిగిసి చేతులు అదురుతాయి. బాపు స్ప్రింగు బయటికి తీసి, గొట్టాన్ని పూర్తిగా కిందికి నొక్కి నిలబెట్టి, ఆయిల్ పోసి, బుడగలు పోయేదాకా మెల్లగా ఆడించి, పై అంచు నుంచి ఆయిల్ ఎంత లోతులో ఉందో ఇనుప స్కేలుతో చూసి, ఎక్కువైన చుక్కలను సిరంజితో లాగేసి, రెండో గొట్టానికీ అలాగే చేశాడు. తమ్ముడి బరువు ఆయనకు అంతకు ముందటి ఏడాది సమ్మక్క జాతరలో తెలిసింది. వాడికి జ్వరం తగ్గితే ఎత్తు బంగారం ఇస్తానని మమ్మల్ని కన్న అవ్వ మొక్కింది. బంగారమంటే అక్కడ బెల్లమే. త్రాసులో ఒకవైపు వాడు, ఇంకోవైపు బెల్లం. నన్నెవరూ తూచలేదు. ఎందుకని అడిగితే అవ్వ, "నీకు ఏ రోగమచ్చిందని మొక్కాలె?" అంది. రోగం రాని నా ఒంటి మీద నాకే కోపం వచ్చింది.

పెద్దవాగు పక్క మట్టిదారిలో తమ్ముడు బండెక్కాడు. మొదటి గుంతకే ముందు భాగం ఠక్కుమంది. బాపు పరేషానై, వాడు నడపడంలోనే తేడా ఉందేమో చూద్దామని నన్నెక్కమన్నాడు. అదే గుంతలో బండి మెత్తగా దిగి లేచింది. మళ్లీ తిప్పుకొచ్చి గుంతలోకి పోనిచ్చాను, మళ్లీ మెత్తగానే లేచింది. ఇక బాపు దిగమనేదాకా బండి దిగలేదు.

బాపు తల కొట్టుకుని నవ్వాడు. "జాతరల తూకం వట్టుకొని పోసిన. వీడు గా బెల్లమంత మెక్కి పెరిగిండు గదా. గిది నీకే కుదిరింది బిడ్డా."

బండి నాదేనని నమ్మాను. బాపు దాన్ని షెడ్డుకు తోసుకొచ్చి, తమ్ముడిని కిరాణా కొట్టు కాంటా మీద తూయించి, ఫోర్కు మళ్లీ విప్పి, వాడి బరువుకు సరిపడా ఆయిల్ పోశాడు. స్కేలు నన్నే పట్టుకోమన్నాడు.

షెడ్డున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం, వాగు పక్క దారి సిమెంటు రోడ్డయింది. ఇవాళ ఆ పిల్ల తన బండి మీద వెళ్లిపోయాక, ఉండబట్టలేక తమ్ముడికి ఫోన్ చేసి ఆనాటి బండి సంగతి ఎత్తాను. "ఏ బండి అక్కా? నాకు యాదికస్తలే," అన్నాడు. మరిచిపోగలిగినందుకు కూడా వాడి మీద అసూయగానే ఉంది.