పత్రిక మీది పెళ్లికూతురు

మానుకోటలో బంధువుల పెళ్లి భోజనాల దగ్గర సుశీలమ్మ పట్టుచీర మీద గరిటెడు పచ్చిపులుసు పడింది. వడ్డించినవాడి తప్పేమీ లేదు. "సుశీలా!" అని ఎవరో కేకేస్తే పక్కపక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు ఒకేసారి లేచారు. గరిటె ఇద్దరి మధ్య ఇరుక్కుంది.

రెండో సుశీలది భూపాలపల్లి. చీర తుడుస్తూనే ఊరూ పేరూ అడిగింది. జనగామ అనీ, భర్త జగపతి అనీ వినగానే నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఓ అక్కా, నా లగ్గం పత్రికల మీద పెండ్లయింది నీదేనా! జగపతితోని కుదిరిన సంబంధం మా నాయిన తప్పించిండు. అప్పటికే పత్రికలు అచ్చయినయి. దండుగెందుకని వారంల నిన్ను తెచ్చి, నా పేరు పెట్టిన్రు గద. మీ నాయిన పేరుకాడ చీటి అంటించిన్రు, యాదికున్నదా? మా భూపాలపల్లి మొత్తం ఎరుకే!"

చీటి గుర్తుంది. అచ్చుతప్పు అన్నారు. ఆమె అసలు పేరు సమ్మక్క. జగపతి మేనత్త పేరూ అదే కాబట్టి, ఆ పేరుతో కోడల్ని తిట్టడం బాగుండదని, అందుకే పేరు మార్చామని అత్తగారు చెప్పింది. "సుశీల... నీకోసమే ఏరి పెట్టిన" అని జగపతి తొలినాడు చెవిలో చెప్పాడు. ఇరవై ఏడేళ్లుగా ఆమె ఆ మాటను ఎవరికీ చెప్పకుండా దాచుకుంది.

జనగామ చేరాక వంట మానేసింది. మేకు పట్టుకుని స్టీలు గిన్నెల మీద చెక్కించిన పేరు గీకడం మొదలుపెట్టింది. మూడో రోజుకు చెంచాల దాకా వచ్చింది. కూతురు హర్షిణి భయపడి దవాఖానకు తీసుకెళ్లింది. "పేరేంటమ్మా?" అని డాక్టరు అడగ్గానే బావురుమంది.

"గదే దొర్కుతలేదు సారూ."

మందులు వాడగా రెండు నెలలకు కాస్త తేరుకుంది. ఒకరోజు హర్షిణిని వెంటబెట్టుకుని, చిన్నప్పుడు చదివిన బడి చూడాలని మహదేవపూర్ బస్సెక్కింది. హెడ్మాస్టరు పాత రిజిస్టరు దుమ్ము దులిపి, "నాలుగో తరగతి... సమ్మక్క" అని చదివాడు. నలభై తొమ్మిదేళ్ల మనిషి చేతులు కట్టుకుని లేచి, "హాజర్ సార్" అంది. ఆయన అలవాటుకొద్దీ "కూర్చో" అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఇంటికొచ్చి, ఇక సుశీల అంటే పలకనని చెప్పేసింది.

"పత్రికలు నేను అచ్చేపించిన్నా? అంత మా బాపు చేసిండు" అన్నాడు జగపతి.

"చెవుల చెప్పింది గూడ బాపేనా?"

అతను కంచం దగ్గరికి లాక్కుని అన్నం కలుపుకున్నాడు. తర్వాత నాలుగు రోజులు "సు... సమ్మ..." అంటూ తంటాలు పడ్డాడు. చివరికి విసుగొచ్చింది.

"నోరు తిరుగుతలేదే! ఇరవై ఏడేండ్ల అలవాటు, ఎట్ల పోతది?"

"ఇరవై రెండేండ్ల పేరు, నేను వారంల మర్చిపోలే?"