క్లబ్బు హాల్లో ఆమేన్

మొన్న ఆదివారం ఆరాధనలో కీబోర్డు వైరు సరిగ్గా దూరక మా మందిరం స్పీకరు గుర్రుమంది. పిల్లలు చెవులు మూసుకున్నారు. నాకు మాత్రం మెడ వెనక వేడెక్కింది. ఇన్నేళ్ళయినా ఆ గుర్రు వింటే చాలు, ఇంటర్ చదివే రోజుల్లోకి, పోర్టు దగ్గరి కార్మికుల క్లబ్బు హాల్లో ముందు బెంచీ మీదికి వెళ్ళిపోతాను. ఎదురుగా గిటారు తగిలించుకుని ఇమ్మానుయేలు మాస్టారు నిలబడి ఉంటారు.

ఆయన బడి మాస్టారు కాదు. పోర్టులో క్రేన్ నడిపేవారు. ఆదివారాలు మందిరంలో హార్మోనియం వాయించి మా చేత పాటలు పాడించేవారు కాబట్టి మాకు మాస్టారు. సాయంత్రాలు తోటి పనివాళ్ళు ముగ్గురితో కలిసి సొంత పాటలు కట్టేవారు. మా ఇంటికీ మాస్టారి ఇంటికీ ఒకటే గోడ. ఆ పాటలన్నీ గోడ ఇవతల నుంచే నాకు కంఠతా వచ్చాయి. అందులో ఒకటి మరీ ఇష్టం. ఓడలకెత్తే ఇనుప ఖనిజం దుమ్ము పడి, ఆరేసిన చొక్కా ఎర్రబడితే మళ్ళీ మళ్ళీ ఉతికే ఇల్లాలి పాట అది. మా అమ్మ రోజూ చేసే పని పాటలో ఉండవచ్చని నాకు అంతకు ముందు తెలియదు. పాటంటే దేవుడిదో సినిమాదో అనుకునేవాణ్ణి.

వాళ్ళు క్లబ్బులో వాయిస్తారని తెలిసి వెళ్తానంటే నాన్న ముఖం చిట్లించాడు. మాస్టారే నచ్చజెప్పి తీసుకెళ్ళారు. చిన్న హాలు, నిండా బీడీ పొగ, గిటారు వైరు తగిలించిన పాత స్పీకరు గుర్రు. స్టీలు ప్లాంటు కట్టడానికి వచ్చిన కుర్రాళ్ళు గోడల వెంట నిలబడ్డారు.

"సినిమా పాట కొట్టు బావా," అన్నాడు ఒకడు వెనక నుంచి.

"అవి రేడియోలో ఇనుకో బావా. ఇవి రేడియోకి దొరకవు," అన్నారు మాస్టారు.

చొక్కా పాట మొదలైంది. ఇన్నాళ్ళూ గోడ చాటు నుంచి మసకగా విన్నది నేరుగా గుండెకి తగిలింది. చివరి చరణంలో ఆ ఇల్లాలు ఉతకడం మానేసి, ఎర్ర చొక్కానే తొడుక్కుని పనికి పొమ్మంటుంది మొగుణ్ణి. నా కళ్ళు నిండిపోయాయి. గిటారు ఆగింది. చప్పట్లు ఇంకా లేవలేదు. స్పీకరు గుర్రు తప్ప ఏమీ వినబడని ఆ క్షణంలో నేను గొంతెత్తి "ఆమేన్" అన్నాను.

అప్పట్లో మా మందిరంలో చప్పట్లు లేవు. పాట పూర్తయితే ఆమేన్ అనడమే. నా నోటికి ఇంకో అలవాటు లేదు.

హాలంతా విరగబడి నవ్వింది. "ఒరే, పాస్టరుగోరు వచ్చీసినారు, బీడీలు ఆర్పీండ్రా," అన్నాడొకడు. "నిలబడండ్రా, పార్ధన సేత్తాడేమో," అన్నాడు ఇంకొకడు. ఆ నవ్వుల మధ్యే చప్పట్లు మోగాయి. నేను తల దించుకున్నాను. నవ్వినవాళ్ళ మీద కోపం రాలేదు. నా నోటిని చూసుకునీ, దానికి ఆ మాట నేర్పిన మందిరాన్ని తలుచుకునీ సిగ్గేసింది. తన గురించి సిగ్గుపడేవాళ్ళ గురించి తానూ సిగ్గుపడతానని ప్రభువు అన్న మాట ఆదివారం బడిలో చదువుకున్నవాణ్ణి కదా, అలా సిగ్గుపడినందుకు మరింత సిగ్గేసింది.

తిరిగొస్తూ దారిలో, "ఏటిరా, మాటాడవు?" అన్నారు మాస్టారు.

"నాను మీ పరువు తీసీసినాను మాస్టారూ."

"పోన్లే. ఉంటే కదా తియ్యడానికి," అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇక ఆ మాట ఎక్కడా పైకి అనకూడదని నిర్ణయించుకున్నాను.

ఆ తరవాతి ఆదివారం మందిరంలో మొదటి పాట ముగిసింది. అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేదు. మాస్టారు రెండో పాట ఎత్తుకోలేదు. హార్మోనియం తిత్తి ఊపుతూ, ఒకే మెట్టు మీద వేలుంచి, నాకేసి చూశారు. సంఘ పెద్దలు వెనక్కి తిరిగారు. ఆ స్వరం సాగుతూనే ఉంది. చివరికి పైకి ఆమేన్ అన్నాను. అప్పుడు వేలు తీశారు.

బయట చెప్పులు వేసుకుంటూ అడిగాను. "అందరి ముందూ ఎందుకలా సేసినారు?"

"హాల్లో అందరూ సప్పట్లు కొట్టినారు. పక్కోడు కొట్టినాడని కొట్టినోళ్ళే సగం మంది. ఆమేనంటే నిజమనే కదేటి. మా పాట నిజమని సెప్పినోడివి నువ్వొక్కడివే. ఇక్కడ మానీసినావంటే అక్కడన్నది కూడా అబద్దమైపోద్ది. సిగ్గేత్తే ఏయనీ. నోరు ముయ్యకు."

ఇప్పుడు మాస్టారు లేరు. మా మందిరంలోనూ చప్పట్లు వచ్చాయి. మొన్న పాట అయ్యాక అందరూ కొట్టారు, ఆగారు. స్పీకరు మాత్రం గుర్రుమంటూనే ఉంది, ఎవరో మెట్టు మీద నుంచి వేలు తీయనట్టు. "ఆమేన్" అన్నాను. ముందు వరుసలో ఇద్దరు పిల్లలు వెనక్కి తిరిగి నవ్వారు. మెడ మండిపోయింది.