కుట్టిన కాగితం

ఈ ఉదయం పాత గిన్నెలో మైదా జిగురు ఉడికించాను. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి కలుపుతుంటే ఆ ముతక వాసన వంటిల్లంతా కమ్మింది. "మళ్ళీ మొదలుపెట్టారా?" అని మా ఆవిడ ముక్కు మూసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. నాకు మాత్రం గవర్నర్‌పేట సందులో సుగుణమ్మ గారి బైండింగ్ కొట్టు గుమ్మంలో నిలబడ్డట్టే ఉంది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. అయినా చెప్పాలి. ఈరోజు నేను చేయబోతున్న పనికి పూచీ ఆవిడదే.

భర్త పోయాక ఆ కొట్టు ఆవిడే నడిపారు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ కాలేజీ రిజిస్టర్లు, చిరిగిన నవలలు, సూది, దారం. వెనకగోడ బీరువాలో చదువుకోడానికి ఇచ్చే పుస్తకాలు ఉండేవి. ఒకటే షరతు. ప్రతి పుస్తకం చివర ఆవిడ ఒక తెల్లకాగితం అతికించేవారు. తిరిగి ఇచ్చేటప్పుడు దానిమీద మన పేరు పెట్టి, మనకేమనిపించిందో రెండు ముక్కలు రాయాలి. రాయనివాడికి రెండో పుస్తకం లేదు. నేనప్పుడు పక్కవీధి హోల్‌సేల్ కొట్లో పార్సిళ్ళు కట్టేవాణ్ణి. వయసు ముప్ఫైకి దగ్గరపడింది. చదువు పామర్రు దగ్గర మా ఊళ్ళో ఐదో తరగతితో సరి. మొదటిసారి ఒక డిటెక్టివ్ నవల తిరిగిస్తూ "బాగుందండీ" అన్నాను.

"కొత్తావకాయ బాగుందన్నట్టు చెబుతావేంటయ్యా? ఎక్కడ బాగుంది?"

"చివరిదాకా డాక్టరే చంపాడనుకున్నానండీ. తీరా చూస్తే వాచ్‌మేను. వెనక్కెళ్ళి చూశాను, మొదటి పేజీలోనే తాళంచెవి వాడి చేతిలో ఉందండీ!"

"అదే రాయి."

"ఐదో తరగతి వాణ్ణి, నేనేం రాస్తానండీ?"

"అయితే? నీ చదువెంతో కనుక్కుని ఆ పుస్తకం నీకు సగం కథే చెప్పిందా?"

రాశాను. ఆ తర్వాత వేటగాళ్ళ అనుభవాల మీద, వైద్యం మీద, చివరికి తేనెటీగల పెంపకం మీద కూడా రాశాను. ధైర్యం వచ్చింది. ధైర్యంతోపాటు దొంగబుద్ధీ వచ్చింది. ఆ కొట్టుకి ఒక లెక్చరర్ గారు వస్తుండేవారు. మా వైపు పల్లెజీవితం మీద వచ్చిన ఓ లావుపాటి నవలను ఆయన తెగ పొగిడారు. నేను నలభై పేజీలు చదివి, ఆయన మాటలే కాగితం మీదికి ఎక్కించాను: "మట్టి పరిమళించే మహత్తర రచన." సుగుణమ్మ గారు అది చదివారు. పుస్తకం మధ్యకు తెరిచి నా ముందు పెట్టారు. అక్కడ పేజీల పైఅంచు మడత కోయలేదు. ప్రెస్సు నుంచి వచ్చినట్టే జంటలు జంటలుగా అతుక్కుని ఉన్నాయి. కత్తి పెట్టకుండా మనిషన్నవాడు వాటిని చదవలేడు. నా చెవులు వేడెక్కాయి. ఆవిడ బల్లమీది కత్తి నా చేతికిచ్చారు.

"పరిమళం సంగతి తర్వాత. ముందు కోసుకుని చదువు."

చదివాను. ఒళ్ళు మండింది. కథానాయిక మోకాలి లోతు నీళ్ళలో నాట్లు వేస్తుంది, నడి వేసవిలో! మా డెల్టాలో అప్పుడు కాలవలు కట్టేస్తారు. నాట్లకు కాదుగదా, గొడ్లకే నీళ్ళు చాలవు. నా పాత ముక్క కొట్టేసి కింద అదే రాశాను: "ఈ రచయిత ఏనాడూ పొలంలో దిగలేదు."

లెక్చరర్ గారి కంటబడింది. "ఎవడీ మూటలు కట్టేవాడు? నవల చదవమంటే నీళ్ళ శాఖ రిపోర్టు రాశాడు! ఆ కాగితం పీకెయ్యండి."

"కూర్చోండి సార్," అన్నారు సుగుణమ్మ గారు. సూదిలోకి దారం ఎక్కించి, ఆయన చూస్తుండగానే ఆ కాగితాన్ని పుస్తకంలోకి నాలుగు చోట్ల పొడిచి కుట్టేశారు. "అతికించింది తడిపి పీకొచ్చండి. ఇప్పుడు దీన్ని తియ్యాలంటే పుస్తకం చింపాలి. మీరూ రాసివ్వండి, పక్కనే కుడతాను."

ఆయన రాయలేదు. మళ్ళీ రాలేదు. ఆయన కాలేజీ రిజిస్టర్లూ ఆ ఏడాది నుంచి రాలేదు. కొట్టుకి అదే పెద్ద పని. "నావల్లేగా అమ్మగారూ" అన్నాను తల దించుకుని.

"నీవల్ల కాదయ్యా. ఎండాకాలం నాట్లేయించిన మహానుభావుడి వల్ల. జిగురు ఆరిపోతోంది, ఆ గిన్నె ఇలా జరుపు."

ఇప్పుడు మా పేట గ్రంథాలయంలో నెలకోసారి కూర్చుని, ఇటీవల చదివినవాటి గురించి చెప్పుకుంటాం. ఆ మాటలన్నీ ఒక సంచికగా అచ్చేస్తారు. ఈసారి నేను మూడు పుస్తకాలు చెప్పాను. ఒక నర్సు స్వీయకథ: తన చేతుల్లో పోయిన మనిషి పేరు మర్చిపోయానని ఆమె ఒప్పుకున్న చోట పుస్తకం మూసి కాసేపు వీధిలో తిరిగొచ్చాను. ఒక హత్య నవల: హంతకుణ్ణి సగంలోనే పట్టేశాను, అయినా వదలబుద్ధి కాలేదు. మూడోది కృష్ణానది మీద కవిత్వం. రాసినాయన పెద్దమనిషి, సంచిక ఆవిష్కరణకు ముఖ్య అతిథి. పేజీకోసారి నదిని అమ్మా అంటాడు. చల్లపల్లి అవతల శివారు చేలల్లో మా తమ్ముడు వంతు నీటికోసం కాలవగట్టున కాపలా కాస్తాడు. ఆ నీళ్ళందని చేను పుస్తకం మొత్తంలో ఒక్క పాదంలోనూ లేదు. ఆ మాటే అన్నాను.

మర్నాడు గ్రంథాలయం కార్యదర్శి ఫోన్. "బాబాయ్ గారూ, మూడోది కొంచెం మార్చి ఇస్తారా? మీరు శ్రమపడక్కర్లేదు, నేనే నాలుగు మంచి మాటలు రాసి పంపిస్తా. సంతకం పెడితే చాలు."

"నువ్వా పుస్తకం చదివావా నాయనా?"

"టైమెక్కడిదండీ!"

"ముందు చదువు. తర్వాత నీ సంతకమే పెట్టుకో."

"అయితే మీది సంచికలో వెయ్యలేమండీ."

వెయ్యకండి. డెబ్బై దాటాక ఇంకొకరి పరిమళాన్ని నా పేరుతో అమ్ముకోను. ఆ కవిత్వం నేను కొనుక్కున్నదే. ఊడిన అట్టను ఇందాకటి జిగురుతో అతికించాను. రేపు దాన్ని గ్రంథాలయానికి ఇచ్చేస్తున్నాను. నా అభిప్రాయం చివరి పేజీగా ఉంటుంది, పేరుతో సహా. చూపు ఆనక మూడోసారికి గాని సూదిలో దారం ఎక్కలేదు. నాలుగు చోట్ల పొడిచి గట్టిగా బిగించాను. నచ్చనివాళ్ళు ఆ పుస్తకం చదివి, తమ కాగితం తెచ్చుకోవచ్చు. పక్కనే కుట్టిపెడతాను.