కిందికి వచ్చిన కుర్చీ

నేను ఎలక్ట్రీషియన్‌ని. మొయినాబాద్ దగ్గర ఒక రిసార్టులో తొమ్మిదేళ్లు పనిచేశాను. టెస్టర్ పెడితే బల్బు వెలగాలి, అప్పుడే కరెంటు ఉన్నట్టు. దయ్యాల విషయంలోనూ నాది అదే పద్ధతి. జన్వాడ వైపు ఫామ్‌హౌస్‌లలో ఏదో తిరుగుతోందని వాచ్‌మన్లు భయపడి పిలిస్తే వెళ్లి చూసేవాడిని. ప్రతిసారీ లూజు వైరో, ఎలుకో దొరికేది. ఇలాంటి సంగతులు ఎవరైనా చెబితే మధ్యలోనే లేచి వెళ్లిపోయేవాడిని.

మా ఊరు చేవెళ్లకు దగ్గరే. ఎకరన్నరలో చామంతి, టమాట వేస్తాం. నేను డ్యూటీకి పోతే నా భార్య స్వరూప చేను చూసుకునేది. పక్కింట్లోనే మా అన్న, వదిన ఉంటారు.

రెండేళ్ల కిందట మా రిసార్టులో పనిచేసే మహేశ్, నేను కలిసి రష్యా పక్కనున్న జార్జియా దేశానికి టూర్ వెళ్లాం. ఎనిమిది రోజులు. నేను దేశం దాటడం అదే మొదలు. మంచు చూడాలని చిన్నప్పటినుంచీ ఉండేది. స్వరూపే నా బ్యాగు సర్దింది.

అక్కడ ఒక కొండమీది స్కీ రిసార్టులో రెండు రోజులు దిగాం. చలికాలం మూడు నెలలూ పనివాళ్లను తీసుకుంటారని విన్నాను. ఆ తెల్లటి కొండ చూశాక నాకు తిరిగి రావాలనిపించలేదు. నిజం ఇంతే. ఇంట్లో ఏ కష్టమూ లేదు.

హోటల్ హోటల్‌కీ తిరిగి అడిగాను. లాండ్రీలో, వంటింట్లో, దారి మీద మంచు ఎత్తే చోట. భాష రానివాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? చివరికి స్కీ లిఫ్టు దగ్గర ప్యానెల్ బాక్సు తెరిచి ఇద్దరు తల పట్టుకుని నిలబడి ఉంటే, ఏ ముక్క కాలిపోయిందో వేలు పెట్టి చూపించాను. ఆ మధ్యాహ్నమే పని దొరికింది. మహేశ్ ఒక్కడే తిరిగి వెళ్లాడు.

ఆ సాయంత్రం స్వరూపకు ఫోన్ చేసి పని దొరికిందని చెప్పాను. ఆమె అంది:

"సూసుడైంది గద. ఇంక రా. ఆడ పని గిని పెట్టుకోకు."

"మూడు నెల్లే గదనే."

"బోరు కాడ స్టార్టర్ డబ్బ ముట్టుకుంటే జుమ్మంటున్నది. నువ్వే సూడాలె."

"కట్టెతోని నొక్కు. మార్చిల వస్త గద, అప్పుడు మారుస్త."

ఆ డబ్బాకు ఎర్త్ వైరు ఊడిపోయిందని నాకు ముందే తెలుసు. ఊళ్లో ఇంకో ఎలక్ట్రీషియన్‌కి చెబితే పావుగంట పని. నా చేతి పని ఇంకొకరు ముట్టుకోవడం నాకు ఇష్టం ఉండేది కాదు.

లిఫ్టు ఎలా ఉంటుందో చెప్పాలి. కొండ కింది నుంచి పైదాకా ఇనుప తాడు తిరుగుతూ ఉంటుంది. దానికి కుర్చీలు వేలాడుతుంటాయి. జనం కింద ఎక్కి, పైన దిగి, మంచుమీద జారుకుంటూ వస్తారు. కాబట్టి పైకి వెళ్లే కుర్చీల్లోనే మనుషులుంటారు. కిందికి వచ్చేవి ఖాళీగా వస్తాయి. ఆ ఖాళీ కుర్చీల మీద మంచు చీపురుతో ఊడ్చి, తర్వాతివాళ్లను కూర్చోబెట్టడం నా పని. పక్కన అద్దాల గదిలో గియా అనే అతను మీటల దగ్గర కూర్చునేవాడు. యాభై దాటిన మనిషి. మా ఇద్దరికీ కలిపి పది ఇంగ్లీషు మాటలు వచ్చేవి.

పనిలో చేరి మూడు వారాలైంది. ఆ రోజు ఎండ బాగా కాసింది. ఉదయం పదికి లిఫ్టు మొదలుపెట్టాం. అప్పటికి పదిమంది కూడా ఎక్కలేదు. పైన ఇంకా ఎవరూ దిగలేదు.

కిందికి వస్తున్న ఒక కుర్చీలో ఆడమనిషి కనిపించింది. జాకెట్టు లేదు, టోపీ లేదు. దగ్గరికి వచ్చేకొద్దీ చీర తెలిసింది. చీరమీద గళ్ల చొక్కా. మా దగ్గర చేను పనికి వెళ్లే ఆడవాళ్లు చీరమీద మగవాళ్ల పాత చొక్కా వేసుకుంటారు. అది నా చొక్కా. ఆమె స్వరూప.

అప్పుడే లిఫ్టు ఆగింది. కుర్చీ కొంచెం ముందుకూ వెనక్కూ ఊగింది. అందులో ఎవరూ లేరు. దానిమీద రాత్రి కురిసిన మంచు చెదరకుండా అలాగే ఉంది.

నేను ఆపలేదు. ఆపింది గియా. గదిలోంచి పరుగెత్తుకొచ్చి కుర్చీ కింద చూశాడు, తాడు వెంట పైకి నడిచి చూసి వచ్చాడు. "ఉమన్? వేర్?" అని నన్నే అడిగాడు. తర్వాత వంగి తన బూటు పట్టుకుని తీసేసినట్టు చూపించి, ఒక వేలు ఎత్తాడు. ఒక కాలికి చెప్పు లేదని చెబుతున్నాడు. నేను కాళ్లు చూడలేదు.

మధ్యాహ్నం అన్న ఫోన్ చేశాడు.

"తమ్మీ, జర కూసో. స్వరూప లేదురా."

నీళ్లు పెట్టడానికి మోటరు వేయబోతే కరెంటు కొట్టింది. చేవెళ్ల దవాఖానకు తీసుకుపోయేసరికే ప్రాణం లేదు. ఎన్ని గంటలకని అడిగాను. పదకొండున్నరకు అటూ ఇటూ అన్నాడు. మా ఊరికంటే జార్జియా టైం గంటన్నర వెనక, అంటే మా లిఫ్టు దగ్గర అప్పుడు పది.

ఆ సాయంత్రం మళ్లీ మంచు పడి కొండ దారి మూసేశారు. ఒక పగలు, ఒక రాత్రి అక్కడే ఉండిపోయాను. నేను ఇల్లు చేరేసరికి అన్నీ అయిపోయాయి. ఆమె ముఖం చూడలేదు.

స్నానం చేయించింది వదిన. చాలా రోజులయ్యాక, ఒంటిమీద ఏముందని అడిగాను.

"ఏముంటది, నీ గళ్ల అంగి. ఒక్క కాలుకే చెప్పున్నది. ఇంకోటి మడిల కూరుకపోయింది, తెల్లారి దొరికింది."

చొక్కా సంగతి నా భ్రమే అనుకోవచ్చు. రోజూ చూసిన చొక్కా. పైగా మంచుమీద ఎండ కళ్లను మోసం చేస్తుంది. కానీ గియా స్వరూపను ఎన్నడూ చూడలేదు. ఆమె ఫోటో కూడా చూడలేదు. ఆరు నెలల తర్వాత మహేశ్ చేత ఇంగ్లీషులో రాయించి అతనికి మెసేజ్ పంపాను. ఒక్క లైనే వచ్చింది. ఆమె దిగడానికే లిఫ్టు ఆపానని.

ఆ ఉద్యోగానికి మళ్లీ పోలేదు. మొయినాబాద్ రిసార్టులోనూ మానేశాను. స్టార్టర్ డబ్బా అన్నే మార్పించాడు. నేను బోరు దగ్గరికి వెళ్లను. ఎవరింట్లో ఫ్యాను ఆగినా పిలుస్తారు, వెళ్లను. వదిన రెండు పూటలా అన్నం పెట్టి పంపుతుంది. తింటాను.

అన్నకూ మహేశ్‌కూ చెప్పని సంగతి ఒకటుంది. లిఫ్టు ఆగేముందు ఆ కుర్చీ నాకు నాలుగు బారల దూరంలో ఉంది. స్వరూప చెయ్యి చాపింది. దించమని అడిగే మనిషి చాపినట్టు. నేను ఆ చెయ్యి పట్టుకోవడానికి ముందుకు వెళ్లలేదు. భయపడి ఒక అడుగు వెనక్కి వేశాను.