తలుపు చాటు పాఠం

మామగారు నాతో నేరుగా అన్న మొదటి మాట గురించి చెప్పాలంటే, ముందు మా ఆయన పరీక్ష తప్పిన సంగతి చెప్పాలి.

పెళ్లయి శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌కి వచ్చినప్పుడు నాకు హిందీ ముక్క రాదు. తెలుగు చదవడం, రాయడం వచ్చు. నోరు మాత్రం అన్నిటికంటే బాగా వచ్చు. ఆ నోటిని మామగారి ఎదుట తెరవకూడదు. మా ఇళ్లలో అది పద్ధతి. కోడలు వంటగది తలుపు చాటున నిలబడి అత్తగారికి చెప్పాలి, అత్తగారు అదే మాట మామగారికి చెప్పాలి. మధ్యలో ఉన్నది ఇంత చిన్న వసారా. నా మాట ఆయనకు శుభ్రంగా వినిపించేది. అయినా అత్తగారు చెప్పేదాకా విననట్టే గోడకేసి చూస్తూ కూర్చునేవారు. నాకు నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది.

మామగారు పేరున్న డ్రైవరు. చూపు మందగించి రిటైరయ్యారు. మా ఆయన అదే రైలింజిన్ల షెడ్డులో ఫైర్‌మన్, ఇంజిను పొయ్యిలోకి పారతో బొగ్గు వేసే పని. డ్యూటీ దిగి వచ్చేసరికి నడుం పట్టేసేది. గుమ్మంలో గోడ పట్టుకుని కాసేపు నిలబడితే గానీ చెప్పులు విప్పలేకపోయేవాడు. అది చూడలేక నేను లోపలికి వెళ్లిపోయేదాన్ని. డ్రైవరైతే ఆ పార వదిలిపోతుంది. కానీ అందుకు రైల్వే దొర ముందు నోటి పరీక్ష నెగ్గాలి.

సాయంత్రాలు వసారాలో మామగారు కొడుక్కి పాఠం చెప్పేవారు. ఆయనకు తెలిసిన దారి ఒక్కటే, వల్లె వేయించడం. సిగ్నళ్ల రూళ్లూ వల్లె వేయాలి, ఇంజిను దారిలో చెడితే చేయాల్సినవీ వల్లె వేయాలి. ఎక్కడ తప్పినా మళ్లీ మొదటికే. వింటూ వింటూ వంటింట్లో నాకే సగం వచ్చేసింది.

పరీక్షలో దొర సిగ్నళ్లు అడిగితే మా ఆయన టకటకా చెప్పేశాడు. తర్వాత, బాయిలర్‌లోకి నీళ్లు తోసే ఇంజెక్టర్ దారిలో నీరు పట్టకపోతే ఏం చేస్తావని అడిగాడు. జవాబు వచ్చు. కానీ అది పాఠంలో ఎక్కడో చివర ఉంది. ఏడెనిమిదులు ఎంతంటే ఏడొకట్ల నుంచి ఎత్తుకునే పిల్లాడిలా బ్రేకుల దగ్గర మొదలుపెట్టాడు. ఇంజెక్టర్ దాకా ఆగే ఓపిక దొరకు లేకపోయింది. చేయి ఊపి పంపేశాడు. ఇంకొక్క అవకాశం మిగిలింది. అదీ పోతే జన్మంతా పారే.

ఆ రోజు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. మామగారు కంచం ముందు కూర్చుని, "అంతా నోటికొచ్చీసింది కదరా! మరేటయిపోనాది?" అన్నారు. అందులో కోపం లేదు. ఆ గొంతు విని నాకు ఆయన మీద జాలేసింది. ఆయనకు అక్షరం రాదు. ఎవరో పెద్ద డ్రైవరు తిట్టి వల్లె వేయించిందే ఆయన చదువు. ఉన్నదంతా కొడుక్కి పెట్టేశారు, తక్కువైంది ఏమిటో తెలియడం లేదు.

మర్నాడు సాయంత్రం మళ్లీ అదే వల్లింపు. నేను అరటికాయ కూరకి ఆవ నూరుతున్నాను. అత్తగారు నాకు గైరమ్మ పండగ పాటలు ఇలాగే వెంట అనిపించి నేర్పారు. ఆవ నూరడం మాత్రం అలా నేర్పలేదు, నా చేతిమీద చేయి వేసి నూరించారు. ఒకసారి కూర చేదొస్తే తిట్టలేదు. "ఎందుకు సేదొచ్చిందో నువ్వే సెప్పు" అని ఊరుకున్నారు. పొయ్యిమీద ఉడుకుతున్న కూరలో ఆవ కలిపేశానని చివరికి నేనే కనిపెట్టాను. మళ్లీ ఎన్నడూ చేదు రాలేదు. వసారాలో వల్లింపు వింటూ ఇదంతా తలుచుకుంటే నోరు ఊరుకోలేదు.

"అత్తయ్యా, పార పట్టడం ఆయనకి మావయ్యగారు నోటితో నేర్పినారేటో అడగండి."

వల్లింపు ఆగిపోయింది. అత్తగారు నాకేసి గుడ్లురిమి చూసి, అయినా అడిగారు.

"నోటితో ఏటి? సెయ్యట్టుకుని నేర్పినాను" అన్నారు మామగారు గోడతో.

"మరి ఈ ఇంజెక్టర్ మావయ్యగారికి దారిలో ఎప్పుడైనా సెడిందేటో అడగండి."

ఈసారి ఆయన అత్తగారి కోసం ఆగలేదు. "కర్గీ రోడ్ టేషను దాటినాక ఒకపాలి..." అని గోడకే మొదలుపెట్టారు. ఎండాకాలం, గూడ్సు బండి, బాయిలర్‌లో నీళ్లు దిగిపోతున్నాయి. అక్కడికొచ్చి, "అప్పుడు నానేటి సేసినానంటే" అనబోయారు.

"సెప్పొద్దనండి అత్తయ్యా! మీ అబ్బాయినే సెప్పమనండి!" అని అరిచాను.

మా ఆయన తండ్రి వైపు తిరిగాడు. "వెనక తొట్టిలో నీళ్లున్నాయా?"

"ఉన్నాయి."

"కుళాయి తీసుందా?"

"తీసే ఉంది."

"గొట్టం ముట్టుకుంటే?"

మామగారి మొహం విప్పారింది. "సెయ్యి కాలిపోతంది."

"అయితే గొట్టం ఏడెక్కిపోయి నీరు పట్టడం లేదు. సన్నీళ్లు పోస్తాను."

"అచ్ఛా! నానూ అదే సేసినాన్రా!" అని తొడ చరిచారు.

ఆనాటి నుంచి ఇంజిను జబ్బులన్నీ కథలయ్యాయి. సిగ్నళ్లు మాత్రం వల్లె వేయాల్సిందేనని మామగారు పట్టుబట్టారు. "అక్కడ ఆలోసిస్తూ కూకుంటే బండి సిగ్నలు దాటిపోద్ది" అన్నారు. ఆ మాటకు నేను తలుపు చాటునే తలూపాను. నిజం ఎవరన్నా నిజమే కదా.

రెండోసారి దొర బ్రేకు పట్టకపోతే ఏం చేస్తావని అడిగాడట. మా ఆయన జవాబు చెప్పకుండా, "బండి నిలబడి ఉందా, నడుస్తోందా?" అని ఎదురు ప్రశ్న వేశాడట. దొర కుర్చీలో ముందుకు వంగాడట. పాసయ్యాడు. ఇంటికొచ్చి ఆ మాట చెబుతుంటే గుమ్మంలో గోడ పట్టుకుని ఏడ్చింది నేను.

మర్నాడు మామగారు వంటగది గుమ్మం దాకా వచ్చారు. చేతిలో బజారు నుంచి తెచ్చిన కొత్త పలక. అత్తగారి కోసం చూస్తారేమో అనుకున్నాను. చూడలేదు.

"అమ్మా," అన్నారు నాతో, "పేరు రాసుకోడం నేర్సుకోవాలనుంది. అది వల్లె ఏసీదా, సెయ్యట్టుకుని నేర్పీదా?"

మామగారి చేయి కోడలు పట్టుకోవడం మా ఇళ్లలో ఎక్కడా లేదు.

"సెయ్యట్టుకుని నేర్పీదే మావయ్యా" అన్నాను.

ఆయన గుమ్మంలోనే కూర్చుని చేయి చాపారు. కాయలు కాసిన ఆ చేయి మొదట బిగుసుకుంది, తర్వాత మెల్లగా నా చేతితో పాటు కదిలింది.