చెరువు మీదికి వంగిన కుంకుడు కొమ్మ

1995 తొలకరిలో మామిడికుదురు దగ్గర మా దొడ్డిలో, తూర్పు కంచె వారగా కుంకుడు మొక్క నాటాను. కొబ్బరిచెట్ల నీడలో అది ఎదగదని, ఉప్పుగాలికి నిలవదని చూసినవారంతా అన్నారు. నేను ఏటా జూన్ ఒకటిన టేపు పట్టి మొదలు చుట్టుకొలత తీసేవాణ్ణి. పెరిగిందని టేపు చెబితేనే పెరిగినట్టు. 1996 తుఫానుకు పక్కనున్న కొబ్బరిచెట్లు కూలినా, ఇంకా లేతగా ఉన్న ఆ మొక్క వంగి మళ్లీ లేచింది.

"దీని కాయతో తలంటుకునేసరికి నా జుట్టంతా నెరిసిపోతుందండీ" అనేది మా ఆవిడ.

తొలి కాపు 2005లో వచ్చింది. అప్పటికి కంచె అవతలి వరిచేను చేపల చెరువైంది. దాని రైతు నాకు వరసకు కొడుకవుతాడు. ఒక ఉదయం గట్టు మీద నిలబడి పిలిచాడు.

"బాబాయి గారండీ, ఈ చెట్టు కొట్టించెయ్యాలండీ. కుంకుడుకాయ నీళ్లలో పడితే చేప బతకదండీ. మొన్ననే బొచ్చె చేపపిల్లల్ని వదిలేం."

"పెళ్లయినప్పటి నుంచీ కుంకుడు రసంతోనే తలంటుకుంటున్నాను, నాకేమైందయ్యా?" అంది మా ఆవిడ.

"మీరు చేప కాదు కదండీ, పిన్ని గారూ!"

"రుజువేది?" అన్నాను నేను.

అతని చేపపిల్లలనే కొన్ని తెప్పించి రెండు తొట్లలో వదిలాను. ఒకదానిలో రాలిన కాయలు వేశాను. మొదటి రోజు తేడా కనబడక ధైర్యం వచ్చింది. మూడోనాటికి కాయల తొక్క నాని, సన్నగా నురగ కట్టింది. సాయంత్రానికి ఆ తొట్టిలోని పిల్లలు వెల్లకిలా తేలాయి. రెండో తొట్టిలోవి ఈదుతూనే ఉన్నాయి. తొట్టి చిన్నది, చెరువు పెద్దది అన్న వాదం నాకు తోచకపోలేదు. కాని చెరువులో ఏమవుతుందో కొలిచి చూపలేను. పోతే పోయేవి అతని చేపలు.

మర్నాడు అతన్ని పిలిచి రెండు తొట్లూ చూపించాను.

"నువ్వన్నదే నిజమయ్యా. గొడ్డలి తెచ్చుకో."

మా ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. అతను చెట్టు చుట్టూ తిరిగి చూశాడు.

"చెరువు మీదికి వంగింది ఒక్క కొమ్మే కదండీ. అది కొట్టేస్తే చాలండీ."

"ఎండ తగిలేది ఆ వైపే. కాపంతా దానికే ఉంది" అన్నాను.

అతను కాసేపు ఆ గుత్తులవైపే చూశాడు. ఇంటికి వెళ్లి గొడ్డలికి బదులు పాత వల ఒకటి భుజాన వేసుకొచ్చాడు. గట్టున రెండు, నీటిలో రెండు వెదురు గెడలు పాతి, కొమ్మ కింద వల కట్టాడు. వల తప్పి నీళ్లలో పడిన కాయలను రోజూ తనే ఏరేవాడు.

మొదటి ఆదివారం వల దించి, కాయలు మా అరుగు మీద కుమ్మరించాడు.

"ఈ వారం నా వలకి పడ్డ చేపలివేనండీ, పిన్ని గారూ!"

"పులుసు పెట్టనా?" అంది మా ఆవిడ, చేట అందుకుంటూ.

"ఆయ్, మా ఇంటికీ కాస్త పంపండి!"