ఇత్తడి ఇంజను సీటీ

దసరాకు ముందురోజు పూజ సామాను చింతపండు నీళ్లలో నానబెడుతూ మా నాన్న, అదే మా బాపు, చేసుకున్న రైలింజను బొమ్మనూ అందులోనే వేశాను. ఇత్తడిదే కదా, తళతళలాడుతుందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. బాపు దానికి ఏనాడూ తడి తగలనివ్వలేదు, పొడిగుడ్డతోనే తుడిచేవాడు. ఎందుకని ఒక్కసారైనా అడిగానా?

తోమి, కడిగి, ఎండలో పెట్టాక చూస్తే బాయిలరు మీద సీటీ లేదు. రైలు కూత పెట్టే సీటీ, బొమ్మలో వడ్లగింజంత ముక్క. అతుకు ఎప్పుడు ఊడిందో ఏమో, నీళ్లతోపాటు మోరీలో పారబోసేశాను. మోచేతిదాకా చెయ్యి పెట్టి దేవాను. బురద ఎత్తి జల్లెడలో పోసి కడిగాను. చింతగింజ ఒకటి దొరికింది. ఆ మోరీ పక్కనే కూర్చుని ఏడ్చాను.

బాపు బొగ్గు గూడ్సులు నడిపిన డ్రైవరు. కొత్తగా నౌకరీలో చేరినప్పుడు తాను బొగ్గేసిన ఆవిరి ఇంజన్ను, రిటైరయ్యాక ఏడాదిపాటు కూర్చుని మూరెడు బొమ్మగా చేసుకున్నాడు. షుగరుతో రెండు కళ్లూ పోయాక బాపును కరీంనగర్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాను. పొద్దున చాయ్ తాగి ఆ బొమ్మను ఒళ్లో పెట్టుకునేవాడు. పొగగొట్టం, గంట, సీటీ వరసగా తడిమేవాడు. అరికాళ్లలో స్పర్శ అప్పటికే పోయింది, చేతులకూ పాకొచ్చని డాక్టరు చెప్పాడు. ఆనాటి నుంచి ఆ తడమడం బాపుకు రోజూ పరీక్షే. అన్నిట్లోకీ చిన్నదైన సీటీ వేలికి తగిలితే "ఉన్నది" అని నవ్వేవాడు.

బంగారప్పని చేసే అవుసులాయన దగ్గరికి ఉరికాను. బతిమాలాను. పనిముట్లు కడిగి పూజలో పెట్టేశాడట, పండుగ దాటేదాకా ముట్టనన్నాడు.

పండుగ పొద్దున బాపు ఇంజన్ను అడిగాడు. బొట్టు పెట్టి పూజలో ఉంచానని కాసేపు ఆపాను. ఎంతసేపని ఆపను? తెచ్చి ఒళ్లో పెట్టాను. వేళ్లు గంట దాటి ఆగాయి. వెనక్కి వచ్చాయి, మళ్లీ వెళ్లాయి.

"సీటీ ఉన్నదా బిడ్డా?"

మా ఇంట్లో పండుగ నాడు 'లేదు' అనకూడదు. డబ్బాలో బియ్యం అయిపోయినా నిండుకున్నాయనే అనాలి. మమ్మల్ని కన్న అవ్వ పోతూ పోతూ మాకు వదిలిన పద్ధతి అది. పద్ధతి అంటున్నాను గానీ, అసలు సంగతి, నేనే పోగొట్టానని చెప్పడానికి భయం.

"ఉన్నది బాపూ," అన్నాను.

బాపు వేళ్లను అంగీకి రుద్దుకుని ఇంకోసారి తడిమాడు. తర్వాత ఇంజన్ను నా చేతికిచ్చాడు.

"గీ వేళ్లు గూడ నిండుకున్నయి బిడ్డా."

కాళ్ల దగ్గర కూలబడి అంతా చెప్పాను. చింతపండు, మోరీ, అవుసులాయన, ఏదీ దాచలేదు. నేనే పోగొట్టానని ఒట్టేశాను. బాపు తడుముకుంటూ నా తల మీద చెయ్యి పెట్టాడు. సీటీ ఉందనే నమ్మి, తన మనసు కోసం పండుగ పూట పోయిందని అబద్ధమాడొద్దన్నాడు.

రెండు రోజులకు అవుసులాయన కొత్త సీటీ అతికిచ్చాడు. అచ్చం పాతదానిలాగే ఉంది. ఇంజన్ను బాపు ఒళ్లో పెట్టి, ఒక్కసారి తడిమి చూడమని గడ్డం పట్టుకున్నాను.

బాపు రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.